తీగ లేని ఫోటో

మా బాపు చేతిలో పడితే ఎంత ముడతల నుదురైనా నున్నబడాల్సిందే. బెల్లంపల్లిలో ఆయన స్టూడియో ముందు బొగ్గుగనుల కార్మికులు పాసు ఫోటోల కోసం వరుస కట్టిన రోజులు నా చిన్నప్పుడు చూశాను. అప్పట్లో ఆయన సన్నగా చెక్కిన పెన్సిలుతో నెగెటివ్ మీద మచ్చలు పూడ్చేవాడు. తర్వాత కంప్యూటర్ వచ్చింది. పెన్సిళ్ల డబ్బా సొరుగులో పెట్టేసి, కళ్లద్దాలు మార్చుకుని, మౌసు పట్టడం నేర్చుకున్నాడు. గనులు ఒక్కొక్కటే మూతబడ్డాయి, ఊరు పల్చబడింది, పాసు ఫోటోలు అడిగేవాళ్లు లేకుండా పోయారు. చనిపోయినవాళ్ల ఫోటోల పని మాత్రం తగ్గలేదు.

మా దగ్గర మనిషి పోయిన తర్వాతే ఫోటో వెతుకుతారు. ఏ పెండ్లిలోనో, ఏ జాతరలోనో పదిమంది మధ్య ఇరుక్కుని దిగిన ఫోటో ఒకటి దొరుకుతుంది. దాన్ని పట్టుకుని ఏడుస్తూ వస్తారు. "పక్కోళ్లను తీసెయ్యి సేటూ, మా నాయిన ఒక్కడే ఉండాలె" అంటారు. బాపు పక్కవాళ్లను తీసేస్తాడు. భుజం మీది పరాయి చెయ్యి తీసేస్తాడు. వెనకాల కరెంటు స్తంభం, దండెం మీది బట్టలు, చెవి పక్కనుంచి పోయే వైరు, అన్నీ తీసేసి నీలం రంగు నింపుతాడు. పెద్దకర్మ నాటికి ఫ్రేము కట్టి చేతిలో పెడితే ఇంటివాళ్లు చూసి, "అచ్చం బతికున్నట్టే ఉన్నడు" అని మళ్లీ ఏడుస్తారు. ఆ మాట విన్న రోజు బాపు ఒక ముద్ద ఎక్కువ తినేవాడు.

నేను ఆయనకు ఒక్కతే బిడ్డను. నన్ను కన్న అవ్వ నా చిన్నప్పుడే పోయింది. కెమెరా నా చేతికి ఇచ్చింది బాపే. పెండ్లికూతురు గదిలోకి మగవాళ్లు కెమెరా పట్టుకుని పోతే ముసలమ్మలు గొణుగుతారు కాబట్టి నాకు పనికి కరువు లేదు. పెండ్లిళ్లు లేని రోజుల్లో మాత్రం బండి తీసుకుని అడవి దారి పట్టేదాన్ని. వాడకట్టు ఆడవాళ్లు ఊరుకుంటారా? "మొగలి పూల జడల ఫోటోలు తీసే పొల్లకు అడివిల ఏం పనే? నక్కలకు పెండ్లి జేస్తున్నవా?" అని ఒకటే నవ్వు. నేనూ ఊరుకునే రకం కాదు. "మీ మొగోళ్లకంటె నక్కలే నయం, చెప్పినట్టు నిలబడతయి" అనేదాన్ని.

నా ఫోటోలేమీ బహుమతులకు పోయినవి కావు. ఏ జంతువు ఎటు తిరుగుతున్నదో చూసుకోవడానికి అటవీ ఆఫీసువాళ్లు అడిగితే ఇచ్చేదాన్ని. బడి పిల్లలకు చూపించేదాన్ని. ఏ ఊరి గుట్టల్లో తీసిన ఫోటో ఆ ఊరికే ఒక ప్రింటు ఇవ్వడం నా పద్ధతి. మొహం తెలిసినదాన్ని మనిషి అంత తేలిగ్గా చంపడని నా నమ్మకం. నమ్మకానిదేముంది, ఖర్చు లేనిది.

బెల్లంపల్లి దాటి లోపలికి పోతే గుట్టల కింద ఒక ఊరుంది. ఊరి చివరి ఇల్లు ఒక ముసలావిడది. నేను పెద్దవ్వా అని పిలిచేదాన్ని. కొడుకులిద్దరూ మస్కట్‌లో పని చేస్తారు. భర్త పోయి చాలా కాలమైంది, గోడ మీద ఆయన ఫోటో మా బాపు చేసిందే. ఇంటి వెనక ఆమె చేను, చేను అవతల గుట్ట. దున్నేవాళ్లు లేక చేను అదే ఊరి రైతుకు కౌలుకు ఇచ్చింది. అతను మక్కజొన్న వేశాడు. గట్టు మీద ఒక ఇప్పచెట్టు. ఎండలు మొదలై ఇప్పపూలు రాలే కాలంలో సాయంత్రం పూట గుట్ట దిగి ఒక ఎలుగుబంటి ఆ చెట్టు కిందికి వచ్చేది. వీపు మీద రెండు పిల్లలు. ఎలుగుబంటి పిల్లలు తల్లి బొచ్చు పట్టుకుని వీపు మీద కూర్చుని తిరుగుతాయని నేను విన్నాను కానీ చూడటం అదే. దానికంటే ముద్దొచ్చేది ఈ కళ్లతో నేనింకేదీ చూడలేదు.

పెద్దవ్వకు కళ్లు మసక. ఇంటి వెనక అరుగు మీద నా పక్కన కూర్చుని, "వచ్చిందా? పిల్లగాండ్లను ఎత్తుకున్నదా?" అని అడుగుతుండేది. మొదట తీసిన ఫోటో ప్రింటు ఒకటి ఆమెకు ఇచ్చి గోడకు పెట్టుకోమన్నాను. ఆమె చెంపలు వేసుకుంది.

"నీ నోట్ల మన్నువడ, గోడకు పెడ్తరానే? గోడకు ఎక్కేది పోయినోళ్లు. బతికున్నదాన్ని ఎక్కియ్యొద్దు బిడ్డా, దానికి మంచిది కాదు."

ప్రింటు నాకే తిరిగి ఇచ్చేసింది. నేను నవ్వి సంచిలో పెట్టుకున్నాను.

ఒక సాయంత్రం ఎలుగుబంటి చెట్టు కింద కాకుండా చేను అంచుకు వచ్చి, పక్కకు తిరిగి నిలబడింది. పొద్దు గుట్ట మీద ఉంది. పిల్లలు రెండూ తలలెత్తి నా వైపే చూస్తున్నాయి. నేను పెద్ద లెన్సుతో తీశాను. అది వెళ్లిపోయాక కెమెరా తెర మీద ఫోటోను పెద్దది చేసి చూస్తే, దాని కాళ్లకు జానెడు దూరంలో ఒక సన్నని తీగ కనిపించింది. చిన్న చిన్న కట్టెగూటాలు, వాటి మీదుగా చేను చుట్టూ తీగ. అడవిపందుల కోసం పెట్టేది అది. చీకటి పడగానే కరెంటు లైనుకు కొక్కెం తగిలిస్తారు. తెల్లవారకముందే చుట్టేస్తారు. పగలు ఎవరొచ్చి చూసినా మక్క తప్ప ఏమీ ఉండదు.

అక్కడి నుంచే అటవీ ఆఫీసరుకు ఫోన్ చేశాను. మంచివాడే, కానీ విసిగిపోయి ఉన్నాడు. "ఎన్నిసార్లు వచ్చినం మేడం, మేం వచ్చేసరికి ఒక్క మొల కూడా దొరకదు. రుజువు లేకుండా మాట్లాడితే ఊరోళ్లే మా మీదికి తిరగబడ్తరు" అన్నాడు. కెమెరా తెరను ఫోన్‌తో తీసి పంపించాను. తీగ అందులో పడలేదు. "ఎలుగు బాగున్నది మేడం" అన్నాడాయన. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. చివరికి, పెద్ద ప్రింటు తెస్తే పంచాయతీ ఆఫీసులో ఊరందరి ముందు పెట్టి, కౌలుదారుతో తీగ తీయిస్తానన్నాడు.

మర్నాడు పెద్దపల్లిలో పెండ్లి ఒప్పుకుని ఉన్నాను. పొద్దున కెమెరాలోని కార్డు బాపు చేతికిచ్చి, "ఈ గుడ్డెలుగు ఫోటో పెద్దగ ప్రింటు తీసి పెట్టు బాపూ, ఊర్ల చూపియ్యాలె" అని చెప్పి రైలుకు పరుగెత్తాను. ఆ పెండ్లిలో నేనేం తీశానో నాకు గుర్తులేదు. పొద్దు వాలగానే పెద్దవ్వకు ఫోన్. "వచ్చిందా?"

"వచ్చింది. చెట్టు కిందనే ఉన్నది. ఫికర్ చెయ్యకు. నేను డబ్బా కొట్టి గుట్ట మీదికి వెళ్లగొడ్త. కౌలుకిచ్చినోనికి గూడ మంచిగ గడ్డి పెట్టిన. ఏం తీగ, ఎక్కడి తీగ అంటుండు. నా కండ్లకేమో ఎలుగే సరిగ్గ ఆనది, తీగేం ఆనుతది?"

పంచాయతీ ఆఫీసులో కూడుదామన్న రోజు పొద్దున్నే రైలు దిగాను. బాపు స్టేషన్‌కే వచ్చాడు. ప్రింటును పేపర్లో గొట్టంలా చుట్టి, దారం కట్టి తెచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఏటా హనుమాన్ మాల వేసుకుని కొండగట్టుకు పోయే మనిషి ఆయన. "జాంబవంతుని వంశం కదనే! మన సామికి దోస్తు. గిసుంటి ఫోటో నా జిందగీల చేతికి రాలే. ఊరు ఊరంత కండ్లకద్దుకుంటది చూడు" అని మురిసిపోయాడు. దారం విప్పి చూసుకునే తీరిక లేదు. అటునుంచటే ఊరికి వెళ్లిపోయాను.

పంచాయతీ ఆఫీసులో జనం బాగానే కూడారు. కౌలుదారు ముందు వరుసలోనే కూర్చున్నాడు. బక్కమనిషి, కళ్లు లోతుకు పోయి ఉన్నాయి. "పందులు ఒక్క రాత్రిల చేనంత బొర్లించి పోతయి. అప్పుడు ఏ ఫోటోలోళ్లూ రారు" అని నన్ను చూడకుండానే అన్నాడు. అతని బాధ అబద్ధం కాదు. ఆఫీసరు నన్ను మాట్లాడమన్నాడు. నేను లేచి, "నేను చెప్పుడు కాదు, మీరే చూడండ్రి. దాని కాళ్ల కింద చూడండ్రి" అని ప్రింటు విప్పి రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను.

అందరూ ఆహా అన్నారు. ఆడవాళ్లు ముందుకొచ్చి, "అయ్యో, పిల్లగాండ్లు చూడవే, ఎంత మంచిగ కూసున్నయో" అన్నారు. తర్వాత ఎవరో అడిగారు. "కాళ్ల కింద ఏమున్నది? గడ్డి ఉన్నది."

ఫోటో నా వైపు తిప్పుకుని చూశాను. గడ్డే ఉంది. తీగ లేదు. గూటాలు లేవు. ఒక్కొక్క గడ్డిపోచ దువ్వినట్టు, పచ్చగా, శుభ్రంగా ఉంది.

"తీగ ఫోటోల లేదు, నీ కండ్లల్ల ఉన్నది" అన్నాడు కౌలుదారు. అందరూ నవ్వారు. ఆఫీసరు మొహం ఎర్రబడింది. ఆ నవ్వుల మధ్యే నాకు అర్థమైంది. మొహాల మీది మచ్చలు, చెవుల పక్క వైర్లు తీసిన చెయ్యే ఇదీ చేసింది. ఫోటో బాగుంది, మా దగ్గర ఉంచండి మేడం అంటూ ఆఫీసరు ప్రింటు తీసుకున్నాడు.

స్టూడియోకు వచ్చేసరికి బాపు చాయ్ తెప్పించి పెట్టాడు. "ఏమన్నరే?" అని ఎదురొచ్చాడు.

"తీగ ఏది బాపూ?"

"ఏం తీగ?"

"దాని కాళ్ల కాడ ఉన్న తీగ!"

"అగో, గదా! తీసేసిన. బంగారమసుంటి తల్లి, కాళ్ల కాడ గా పుల్లలు, గా తీగ... చూస్తానికి మంచిగ లేకుండె. దినమంత కూసొని తీసిన. కంప్యూటర్ల గడ్డి ఒక్కొక్క పోస తెచ్చి అతికిచ్చిన." ఇంకా మురిపెంగానే చెబుతున్నాడు. నేను ఒక్కటే అడిగాను, అసలు ఫోటో ఉందా అని. ఆయన దాని మీదనే సేవ్ చేశాడు. మా స్టూడియోలో ఎప్పుడూ చేసేదే. కార్డు కూడా తుడిచేశాడు, తర్వాతి పెండ్లికి కావాలని. అదీ ఎప్పుడూ చేసేదే.

నేను గట్టిగా అరిచాను. "ఎవరు తీయమన్నరు నిన్ను? ఎవరు తీయమన్నరు?"

"చెత్త ఉంటే తీయమా బిడ్డా? ఇన్నేండ్ల సంది గదే కదా నేను చేస్తున్నది" అన్నాడు. విషయం చెప్పాను. వింటూ వింటూ స్టూలు మీద కూలబడ్డాడు. చాయ్ అలాగే తొరక కట్టింది. మా ఇద్దరిలో ఎవరూ తాగలేదు.

తర్వాత ప్రతి సాయంత్రం పెద్దవ్వ అరుగు మీదికి పోయాను. కౌలుదారు జాగ్రత్త పడ్డాడు. తీగను గట్టు మీద కాకుండా మక్క వరసల్లోకి జరిపాడు, లెన్సుకు అందలేదు. అతని ఇంటికి పోయి దండం పెట్టాను. పందుల నష్టానికి సర్కారు పరిహారం అడుగుదాం, నేనే తిరుగుతానన్నాను. "ఇయ్యాల రేపు చేను కోస్త మేడం, జర ఊకుండ్రి" అన్నాడు. మక్క నిజంగానే కోతకు వచ్చి ఉంది. ఇంకొన్ని రోజులు గడిస్తే చాలని నేనూ అనుకున్నాను. ఇప్పపూలు అయిపోతే అది గుట్ట దిగదు.

ఒక పొద్దున పెద్దవ్వ ఫోన్ చేసింది. హలో అనకముందే ఏడుపు. "రా బిడ్డా. పోయింది. మన చేన్లనే పోయింది."

బాపు షట్టరు దించి, నా వెనక బండెక్కాడు. వద్దనలేదు నేను. చేనులో మక్క వరసల మధ్య తల్లి ఒక పక్కకు పడి ఉంది. పిల్ల ఒకటి దాని కిందే, అదీ పోయింది. రెండోది ఇప్పచెట్టు పైకెక్కి కొమ్మను కరుచుకుని ఏడుస్తోంది. పసిపిల్ల ఏడుపే అది, వేరే ఏమీ కాదు. ఈసారి తీగ చుట్టేసే తీరిక దొరకలేదు, అక్కడే ఉంది. కరెంటు తీసేశారని చెప్పిన తర్వాత బాపు దాని దగ్గరికి పోయి, కూర్చుని, రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు.

"గింత సన్నగున్నదానే" అన్నాడు.

అటవీ సిబ్బంది నిచ్చెన వేసి, గోనెసంచిలో పిల్లను దించి, దూరంగా ఉన్న జూకు తీసుకుపోయారు. పిల్ల బతికిందని తర్వాత ఫోన్ చేసి చెప్పారు. కేసయింది. కౌలుదారును జీపులో ఎక్కించినప్పుడు అతని భార్య పొర్లి పొర్లి ఏడ్చింది. తీగ, గూటాలు, కొక్కెం, అన్నిటికీ ఫోటోలు తీయమన్నారు. తీశాను. రుజువుకు ఇప్పుడు ఏ కొదవా లేదు.

అడవిలోకి తిరిగే మలుపు దగ్గర ఇప్పుడు పెద్ద బోర్డు ఉంది. వన్యప్రాణులను కాపాడుదాం అని రాసి, కింద తల్లీ పిల్లల ఫోటో వేశారు. ఆఫీసరు ఆ రోజు తీసుకున్న ప్రింటే. పచ్చని గడ్డి, నున్నని నేల, ఎక్కడా ఏ ప్రమాదమూ లేదు. బండ్లు ఆపి జనం దాని ముందు ఫోటోలు దిగుతారు. తీసేయించమని అడగడానికి రెండుసార్లు ఆఫీసు మెట్ల దాకా పోయి తిరిగొచ్చాను. ఏమని అడగాలి?

బాపు మౌసు ముట్టడం మానేశాడు. పోయినవాళ్ల ఫోటోలు తెచ్చేవాళ్లతో, "ఎట్లున్నది గట్లనే కట్టిస్త. ఏం తియ్య" అనేవాడు. మచ్చ తియ్యనన్నాడు, పక్కవాడి చెయ్యి తియ్యనన్నాడు. ముసలాయనకు మతి పోయిందని చెప్పుకుని జనం మంచిర్యాలకు పోవడం మొదలుపెట్టారు. నాకు ఆయన మీద కోపం అప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ ఖాళీ స్టూడియోలో అలా కూర్చున్న మనిషిని చూస్తే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

కొన్నాళ్లకు పెద్దవ్వ బస్సెక్కి స్టూడియోకు వచ్చింది. బల్ల మీద కూర్చుని, నీళ్లు తాగి, నా వైపు తిరిగింది.

"గా ఫోటో ఇయ్యి బిడ్డా. ఫ్రేము కట్టియ్యి."

గోడకు పెట్టొద్దన్నది ఈమే.

"మా చేన్ల పాణం ఇడిసింది. మాదే కదా ఇగ. ఇప్పుడు గోడకు పెట్టొచ్చు" అంది.

బాపు లేచాడు. తను చేసిన ఫోటోనే మెరుపు లేని కాగితం మీద ప్రింటు తీశాడు. తర్వాత సొరుగు లాగి పాత పెన్సిళ్ల డబ్బా బయటపెట్టి, బ్లేడుతో ఒక పెన్సిలు మొన సన్నగా చెక్కాడు. ఆయన వంగి, ఎలుగుబంటి ముందుకాలు పక్కన ఒక గూటం దించాడు. కొంచెం ఎడంగా ఇంకొకటి. ఆ రెంటి మధ్య తీగ గీయడం మొదలుపెట్టాడు. గీత అక్కడక్కడ వంకరపోయింది. రబ్బరు పక్కనే ఉంది, ముట్టలేదు.

పెద్దవ్వ కళ్లు చికిలించి చూసింది. "గదేంది, తీగ దింపుతున్నవ్?"

"ఉండె కదక్కా" అన్నాడు బాపు. "ఎక్కడెక్కడ ఉండెనో నాకు బరాబర్ ఎరుక. నేనే కదా తీసింది." అంతవరకు బాగానే చెప్పి, పెన్సిలు పక్కన పెట్టి, కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను పోయి ఆయన వీపు మీద చెయ్యి వేశాను. ఎముకలు తగిలాయి.

ఫ్రేము కట్టి, నేనే పెద్దవ్వను బండి మీద ఇంటికి తీసుకుపోయాను. ఆమె భర్త ఫోటో పక్కన మొల కొట్టి తగిలించాను. ఆమె కుంకుమ భరిణె తెచ్చి, వేలు ముంచి, అద్దం మీద తల్లి నుదుటి చోట బొట్టు పెట్టింది. మళ్లీ కుంకుమ అద్దుకుని, పిల్లల దగ్గరికి చెయ్యి తెచ్చి ఆగింది.

"ఈ రెండిట్ల పోయింది ఏది బిడ్డా? బతికిందానికి పెట్టొద్దు."

నేను దగ్గరికి పోయి చూశాను. రెండూ ఒకే ఈడువి, ఒకే తీరు. రెండూ తలలెత్తి మా వైపే చూస్తున్నాయి. ఎంతసేపు చూసినా నాకు తెలియలేదు.

"నాకూ ఎరుక లేదు పెద్దవ్వా" అన్నాను.

ఆమె వేలికున్న కుంకుమ కొంగుకు తుడుచుకుంది.